కేబుల్ బిల్లు పెరిగిపోతోందా? తగ్గించుకోవడం ఇలా

హైదరాబాద్ మల్కాజిగిరిలోని మా ఇంటికి కేబుల్ డబ్బులకు వచ్చే అబ్బాయి ఒక నెల యాభై రూపాయలు ఎక్కువ అడిగాడు. ఎందుకని నిలదీస్తే "పైనుంచి పెంచారండీ" అన్నాడు. ఆ పైన ఉన్నది ఎవరో అతనికీ తెలియదు. అరిచాను. రూపాయి కూడా తగ్గలేదు. తర్వాత లెక్క వేసుకుని, కావలసింది రాసి పంపితే తగ్గింది.

ముందుగా టీవీ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. వారం రోజుల పాటు ఎవరు ఏ చానల్ చూశారో రాయండి. అత్తయ్య సీరియళ్లు, పిల్లల కార్టూన్లు, క్రికెట్ అన్నీ కలిపినా మా ఇంట్లో లెక్క తొమ్మిది దాటలేదు. వాటిలో నాలుగు వార్తా చానళ్లు. తెలుగు వార్తా చానళ్లలో చాలావాటికి విడిగా ధర ఉండదు. అంటే డబ్బు కట్టి చూడాల్సినవి ఐదే. మేం కడుతున్నది మాత్రం ముప్పైకి పైగా చానళ్లకు!

తర్వాత బిల్లు విడదీయండి. అందులో నెట్‌వర్క్ ఫీజు (చానళ్లను ఇంటికి చేర్చినందుకు కట్టేది), పే చానళ్ల (విడిగా ధర ఉన్న చానళ్ల) ధర, రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ ఉంటాయి. 200 చానళ్లకు నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు మించకూడదన్న పాత నిబంధనను పట్టుకుని వాదించకండి. ఆ పరిమితిని టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జులైలో ఎత్తేసింది. వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్న ఆ సందేశాన్ని నమ్మి నేనూ ఒకసారి భంగపడ్డాను. అయితే తమ ఫీజు ఎంతో, మీ ఆపరేటర్‌కు సిగ్నల్ ఇచ్చే కంపెనీ బహిరంగంగా ప్రకటించాలి. ఆ వివరాలు దాని వెబ్‌సైట్‌లో వెతకండి.

ఇప్పుడు అసలు లెక్క. ఏ పే చానల్‌నైనా విడిగా తీసుకునే హక్కు మీకుంది. కానీ విడిగా తీసుకుంటే ఎప్పుడూ చవకేనని అనుకోవద్దు. 19 రూపాయల చానళ్లు నాలుగు విడిగా అయితే 76 రూపాయలు. బొకేలో (కొన్ని చానళ్లు కలిపి అమ్మే కట్టలో) గరిష్ఠంగా 45 శాతం వరకు తగ్గించవచ్చు కాబట్టి అవే నాలుగు 41.80కి కూడా రావచ్చు. నా అనుభవంలో ఒకే సంస్థ చానళ్లు మూడు చూస్తుంటే బొకే మేలు, ఒక్కటే చూస్తుంటే విడిగా మేలు. ఆపరేటర్ తానే కట్టిన పెద్ద ప్యాక్ మాత్రం చాలాసార్లు దండగ.

ఎంచుకున్నాక నోటిమాటగా చెప్పకండి. "నా బాక్సు నంబరు ఇది. వచ్చే నెల నుంచి ఈ చానళ్లే కావాలి, మిగతావి తీసేయండి" అని ఆపరేటర్‌కు సందేశం పంపండి. కట్టిన ప్రతిసారీ రసీదు అడగండి. అడిగినందుకు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

ఇక ప్రసారం ఆగిపోతే ఏం చేయాలి? నగరంలో తీగలన్నీ కరెంటు స్తంభాలకే వేలాడుతుంటాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతంతో ఐదుగురు చనిపోయాక, స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సిబ్బంది పెద్ద ఎత్తున కత్తిరించారు. ఎన్నో ఇళ్లలో టీవీ, ఇంటర్నెట్ ఆగిపోయాయి. అలాంటప్పుడు వీధి ఆపరేటర్ నిస్సహాయుడే. అయినా ఫిర్యాదు నమోదు కావాలి. అతనికి ఫోను చేయడం ఫిర్యాదు కిందకు రాదు. అతనికి సిగ్నల్ ఇచ్చే కంపెనీ కస్టమర్ కేర్‌కు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. సిగ్నల్ అసలు రాకపోతే 8 గంటల్లో సరిచేయాలన్నది నిబంధన. బిల్లు తగాదాకు 7 రోజులు. అప్పటికీ కదలకపోతే ఆ నంబరుతోనే కంపెనీ నోడల్ అధికారికి (ఫిర్యాదులు చూసే పై అధికారికి) రాయండి.

ట్రాయ్‌కు రాసి ఎదురుచూడటం వృథా. ఒక్కొక్కరి ఫిర్యాదును అది పరిష్కరించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే, లాయరు లేకుండానే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

అన్నీ విసుగెత్తితే ప్రభుత్వ ఉచిత డిష్ సేవ డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్‌కు, బాక్సుకు ఒకసారి ఖర్చు పెడితే నెలనెలా కట్టేదేమీ ఉండదు. పే చానళ్ల సీరియళ్లు అందులో రావు గనుక అత్తయ్య ససేమిరా అన్నారు. మీ ఇంట్లో ఒప్పుకుంటే మాత్రం, కేబుల్ మానేసే ముందు పాత బాక్సుకు డిపాజిట్ ఏమైనా కట్టారేమో చూసుకోండి. బాక్సు వెనక్కి ఇచ్చేటప్పుడు సంతకంతో రసీదు తీసుకోండి.