నీళ్ళలో దిగకుండానే ఉబ్బిన లైఫ్ జాకెట్: నా అనుభవం

బీరువాలో మడిచి పెట్టిన ఆటోమేటిక్ జాకెట్ దానంతటదే ఉబ్బిపోయింది. కారణం చెన్నై తేమ. నీళ్ళు తగిలితే కరిగి, గ్యాస్ సిలిండర్‌ని గుచ్చే సూదిని వదలాల్సిన బిళ్ళ, ఉక్కకే మెత్తబడింది.

నోటితో ఊదే గొట్టంలో మూతను తిరగేసి నొక్కి, గ్యాసంతా పిండేశాను. పాత సిలిండర్ మూతికి సూది గుచ్చిన చిల్లు ఉంది. ఇక అది పనికిరాదు. జాకెట్‌ని నీడన ఆరబెట్టి, నోటితో గట్టిగా ఊది రాత్రంతా ఉంచితే మెత్తబడలేదు, అంటే లీకు లేదు. గాలి తీసేశాక ముందు కొత్త బిళ్ళ, ఆ తర్వాతే 33 గ్రాముల గ్యాసున్న సిలిండర్. వరస తప్పితే చేతుల్లోనే ఉబ్బుతుంది! సిలిండర్‌ని చేత్తో చివరిదాకా బిగించాలి. వదులైతే సూది అందదు. బిళ్ళ, సిలిండర్ రెండూ మీ మోడల్‌వే కొనండి. కొత్త సిలిండర్‌నైనా తూచి, మీద అచ్చేసిన బరువుతో సరిచూడండి.

చెన్నై చేపల రేవు కాసిమేడులో రోజూ అలలకు తడిసే పనికైతే ఫోమ్ జాకెట్టే నయం.