సింగపూర్ విహారయాత్రలో నలుగురికి ఒకే అడాప్టర్
సింగపూర్‌లోని సాకెట్లు పలకగా ఉండే మూడు పిన్నులకే సరిపోతాయి కాబట్టి మన గుండ్రటి పిన్నుల ఛార్జర్లు అక్కడ పట్టవు. మా పాఠశాల బృందం వెళ్లినప్పుడు, గదిలో నలుగురం ఉండి, మొదటి రాత్రంతా మన ప్లగ్గును అక్కడి సాకెట్‌కు కుదిర్చే ఒక్క అడాప్టర్ కోసం వంతులు వేసుకున్నాము. మరునాడు స్నేహితురాలు ఇంటి నుంచి తెచ్చుకున్న నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డును ఆ అడాప్టర్‌కే తగిలించాము, తెల్లవారేసరికి అందరి ఫోన్లూ నిండాయి. అక్కడా మనలాగే 230 వోల్టులే కనుక వోల్టేజిని మార్చే వేరే పరికరం అక్కరలేదు. అయితే అడాప్టర్ కొనేటప్పుడు అది మన మూడు పిన్నుల ప్లగ్గును, ఎర్త్ పిన్నుతో సహా, పూర్తిగా పట్టేదో కాదో బోర్డును వెంట తీసుకెళ్లి దుకాణంలోనే సరిచూసుకోవాలి. ఆ బోర్డుకు ఇస్త్రీపెట్టె, కెటిల్, హెయిర్ డ్రయ్యర్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. చిన్న అడాప్టర్ ఆ భారాన్ని తట్టుకోలేక వేడెక్కి కరిగిపోవచ్చు.