స్విచ్చర్‌లో కెమెరా చిత్రం రాకపోతే: సమస్య - పరిష్కారం

పెళ్లి మండపంలోనైనా, ఒంటిమిట్ట కల్యాణం వంటి ఉత్సవంలోనైనా మూడు నాలుగు కెమెరాలను స్విచ్చర్‌కు (ఏ కెమెరా చిత్రం బయటికి వెళ్లాలో ఎంచుకునే పెట్టెకు) కలిపి ఎల్‌ఈడీ తెరకూ, యూట్యూబ్‌కూ ఇస్తున్నప్పుడు స్విచ్చర్ మానిటర్‌లో ఒక కెమెరా గడిలో చిత్రం రాకపోతే, కడప ప్రాంతంలో మన వృత్తివారు ముందుగా స్విచ్చర్‌నే అనుమానిస్తారు. నేను చూసినంతవరకు దోషం ఎక్కువసార్లు కేబుల్‌లోనో, కెమెరా సెట్టింగులోనో దొరికింది. కాబట్టి బాగా పనిచేస్తున్న కెమెరా నుంచి కేబుల్‌ను విప్పి, అదే కేబుల్‌ను అదే ఇన్‌పుట్‌తో చిత్రం రాని కెమెరాకు పెట్టి చూడండి. చిత్రం వస్తే పాత కేబుల్‌నో, పాత ఇన్‌పుట్‌నో అనుమానించాలి. రాకపోతే కెమెరానే చూడాలి.

గడి పూర్తిగా నల్లగా ఉంది

కెమెరా మెనూలో హెచ్‌డీఎమ్‌ఐ ఔట్‌పుట్ 4కేలో ఉంటే 1080కి మార్చండి; ఏటెమ్ మినీ వంటి చిన్న స్విచ్చర్లు 4కే ఇన్‌పుట్‌ను తీసుకోవు. ఇన్‌పుట్‌లో ఫార్మాట్‌ను మార్చుకునే సదుపాయం లేని స్విచ్చర్లయితే అన్ని కెమెరాలూ ఒకే ఫార్మాట్‌లో (ఒకే చిత్ర పరిమాణం, ఒకే ఫ్రేముల వేగంతో) ఉండాలి. ఎస్‌డీఐలో (దూరాలకు వాడే వీడియో కేబుల్ పద్ధతిలో) ఇంకో చిక్కుంది: 1080పీ50కి (సెకనుకు 50 పూర్తి ఫ్రేములు) 3జీ లింకు, అంటే సెకనుకు 2.97 గిగాబిట్ల వేగం కావాలి, కానీ పాత హెచ్‌డీ-ఎస్‌డీఐ ఇన్‌పుట్ 1.485 గిగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు కెమెరాను 1080ఐ50కి (సెకనుకు 50 సగం ఫ్రేములు) దించితే చిత్రం వస్తుంది.

వధూవరుల ఫొటోలు చూపే ల్యాప్‌టాప్ గానీ, సెట్‌టాప్ బాక్సు గానీ నల్లగా వస్తే కారణం చాలావరకు హెచ్‌డీసీపీ, అంటే కాపీ రక్షణ. స్విచ్చర్ దాన్ని అంగీకరించదు. రక్షణ ఉన్న వీడియోను మూసివేసి, మన సొంత ఫైళ్లను మాత్రమే ప్లే చేయాలి.

చిత్రంలో తెల్ల చుక్కలు మెరుస్తున్నాయి, కేబుల్ కదిలితే చిత్రం పోతోంది

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ప్రొద్దుటూరులోని ఒక మండపంలో జీలకర్ర బెల్లం పెట్టే వేళకు మా మూడో కెమెరా చిత్రం ఆగిపోయింది. స్విచ్చర్ ఇన్‌పుట్‌లు మార్చాం, కన్వర్టర్ మార్చాం. చివరికి కెమెరా దగ్గర చూస్తే చిటికెన వేలి గోరంత మైక్రో హెచ్‌డీఎమ్‌ఐ ప్లగ్ ఒక పక్కకు వంగి సగం బయటికి వచ్చి ఉంది. అప్పటినుంచి ప్లగ్‌కు ఒక జానెడు అవతల కేబుల్‌ను ట్రైపాడ్‌కు టేపుతో కట్టి, మధ్యలో కొంచెం వదులుగా ఉంచుతున్నాం.

ప్లగ్ గట్టిగానే ఉంటే కేబుల్ పొడవును చూడాలి. సాధారణ హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ పది, పదిహేను మీటర్లు దాటితే నమ్మలేం. డిజిటల్ సిగ్నల్ క్రమంగా మసకబారదు. చుక్కలు మొదలయ్యాయంటే పూర్తిగా పోయే అంచుకు చేరినట్లే. అత్యవసరంలో 1080పీ50ను 1080ఐ50కి మార్చితే వేగం సగమవుతుంది కాబట్టి అదే కేబుల్ నిలబడవచ్చు. శాశ్వత పరిష్కారం మాత్రం కెమెరా వద్దే హెచ్‌డీఎమ్‌ఐని ఎస్‌డీఐగా మార్చి, 75 ఓముల మంచి కేబుల్‌ను లాగడమే. రేడియో పరికరాలకు వాడే 50 ఓముల బీఎన్‌సీ కనెక్టర్లు (ఎస్‌డీఐ కేబుల్ చివర తిప్పి బిగించే రకం) చూడటానికి అలాగే ఉంటాయి కనుక కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

చిత్రంలో చారలు కదులుతున్నాయి

అమెరికాలోని బంధువులు పంపిన కెమెరా అయితే ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో, అంటే అక్కడి టీవీ ప్రమాణం ప్రకారం సెకనుకు 60 లెక్కన ఉండవచ్చు. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరాను పాల్‌కు (మన దేశపు 50 లెక్క పద్ధతికి), షట్టర్‌ను 1/50కి లేదా 1/100కి మార్చాలి.

కేబుల్ తాకితే జివ్వుమంటోంది, సౌండులో గుంయ్‌మని వస్తోంది

జనరేటర్, హాలు కరెంటు వేర్వేరు చోట్ల నుంచి తీసుకున్నప్పుడు ఎర్త్‌లో తేడా వచ్చి ఇలా జరుగుతుంది, ఒక్కోసారి పోర్టులు కూడా కాలిపోతాయి. కెమెరాలకూ స్విచ్చర్‌కూ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. గుంయ్‌మనే శబ్దం పోవాలని ఎర్త్ పిన్ను విరిచి పెట్టడం ప్రాణాపాయం. దయచేసి ఎవ్వరూ ఆ పని చేయకండి. సౌండ్ లైనుకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగల మధ్య నేరు సంబంధం లేకుండా సౌండును దాటించే పరికరం) పెట్టుకోండి.

పెదవులకూ మాటకూ పొంతన లేదు

చిత్రం స్విచ్చర్‌లో ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యమవుతుంది. 25 ఫ్రేముల లెక్కన ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ప్రసారానికి వెళ్లే సౌండుకు అంతే ఆలస్యం కలిపి, చప్పట్లు కొట్టించి సరిచూసుకోవాలి.