ఏ సర్టిఫికేషన్ చేయాలి అని అడిగే బీటెక్ పిల్లలకి

త్రీ-టూ (మూడో ఏడు రెండో సెమిస్టర్) సెలవులు మొదలవగానే మా చుట్టాల పిల్లలు వాట్సాప్‌లో అడిగేది ఒకటే: "అక్కా, ఏ సర్టిఫికేషన్ చేస్తే జాబ్ గ్యారంటీ?" మాదాపూర్‌లో ఓ సర్వీసెస్ కంపెనీలో ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేస్తుంటాను కాబట్టి నాకేదో గుట్టు తెలుసని వాళ్ల నమ్మకం. గ్యారంటీ అయితే దేనికీ లేదు. కొన్ని సర్టిఫికెట్లు కొన్ని రకాల ఉద్యోగాలకి ఇంటర్వ్యూ దాకా తీసుకొస్తాయి. మీకు కావలసిన ఉద్యోగం ఆ రకమో కాదో ముందు తేల్చుకోండి, ఫీజు తర్వాత కట్టొచ్చు.

నౌకరీలోనో లింక్డిన్‌లోనో హైదరాబాద్, ఫ్రెషర్ అని పెట్టి, మీరు చేయాలనుకునే పనికి పడ్డ ఓ పాతిక ప్రకటనలు తెరిచి పూర్తిగా చదవండి. ఏ పరీక్ష పేరు ఎన్నిట్లో కనిపించిందో రాసుకోండి. జావా డెవలపర్ ప్రకటనల్లో స్ప్రింగ్ బూట్, ఎస్‌క్యూఎల్ ఉంటాయి గానీ సర్టిఫికెట్ ఊసు తక్కువ. క్లౌడ్ సపోర్ట్, నెట్‌వర్కింగ్, లేదా కంపెనీలు వాడే సేల్స్‌ఫోర్స్, సర్వీస్‌నౌ సాఫ్ట్‌వేర్ల వైపు వెళ్తే పేరు పెట్టి మరీ అడుగుతారు.

అలా అడగడం వెనక లెక్క ఉంది. అమెజాన్, మైక్రోసాఫ్ట్ తమ పార్ట్‌నర్ కంపెనీలకి హోదా ఇచ్చేటప్పుడు, అక్కడ సర్టిఫికేషన్ ఉన్న ఉద్యోగులు ఎంతమందో కూడా చూస్తాయి. చిన్న క్లౌడ్ కన్సల్టింగ్ కంపెనీకి మీరు చేరితే ఆ సంఖ్య ఒకటి పెరుగుతుంది. అందుకే కంపెనీ వెబ్‌సైట్‌లో పార్ట్‌నర్ ముద్ర ఉందేమో చూసి ముందు అక్కడ అప్లై చేయండి. ప్రొడక్ట్ కంపెనీల్లో ఈ పప్పులు ఉడకవు, కోడింగ్ రౌండ్ దాటాల్సిందే. టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి నియామక పరీక్షలూ అంతే. బ్యాక్‌లాగులు ఉంటే వాటి సంగతి ముందు చూడండి.

ఏది రాయాలంటే: వీడియోలు చివరిదాకా చూస్తే వచ్చే సర్టిఫికెట్లు రెజ్యూమేలో పది ఉన్నా నేను పట్టించుకోను. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటీఎల్ వేరు. పాఠాలు ఉచితం, పరీక్ష ఫీజు 1,000 రూపాయలు, సెంటర్‌కి వెళ్లి రాయాలి. డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ కాలేజీలో అరకొరగా చదివినవాళ్లకి నేను చెప్పేది అదే. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్షకి 100 డాలర్లు, పైన టాక్సు. ఐటీ నేపథ్యం లేనివాళ్లనీ దృష్టిలో పెట్టుకున్న పరీక్ష అది. కంప్యూటర్స్ చదివినవాళ్లు నేరుగా 150 డాలర్ల సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ రాయడం మేలు. ఒకటి పాసైతే తర్వాతిదానికి సగం ధరే కదా అంటారు. నిజమే, కానీ 100కి 75 కలిపితే 175 అవుతుంది, నేరుగా రాస్తే 150తో పోతుంది. ఈ ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ల గడువు మూడేళ్లు. లినక్స్ ఇష్టమైతే రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ చూడండి. అందులో ఆప్షన్లకి టిక్కు పెట్టడం ఉండదు, సిస్టమ్ ముందు కూర్చుని పనిచేసి చూపాలి. నా దృష్టిలో దాని విలువ ఎక్కువ.

డంప్స్ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీపట్టి పాసైనవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. క్లౌడ్ బ్యాడ్జీ ఉన్నవాళ్లని నేను మొదట అడిగేది: ప్రైవేట్ సబ్‌నెట్‌లో, అంటే బయటి నుంచి నేరుగా చేరలేని నెట్‌వర్క్ భాగంలో ఉన్న సర్వర్‌కి అప్‌డేట్లు ఇంటర్నెట్ నుంచి ఎలా వస్తాయి? "నాట్ గేట్‌వే" అని అందరూ చెప్తారు. అది ఏ సబ్‌నెట్‌లో పెట్టాలి, రూట్ టేబుల్లో ఏం రాయాలి అనగానే చాలామంది ఆగిపోతారు. ఒకమ్మాయి మాత్రం, "పబ్లిక్ సబ్‌నెట్‌లో మేడం, కానీ వాడకపోయినా గంటల లెక్కన చార్జీ పడుతుంది, నేను తీసేయడం మర్చిపోతే బిల్లొచ్చింది" అంది. ఆ తర్వాత సర్టిఫికెట్ సంగతి నేను అడగనేలేదు. చదువుతూనే అలాంటిది ఒకటి సొంతంగా కట్టి చూడండి. మొదలుపెట్టేముందే బిల్లింగ్‌లో బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, నాన్నగారి కార్డు కదా! రెజ్యూమేలో ఆ ప్రాజెక్టు పైన, దాని కింద పరీక్ష పూర్తి పేరు, పాసైన నెల, వెరిఫికేషన్ లింకు ఉండాలి.

కోచింగ్ కోసం అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ తిరిగేవాళ్లు ఫీజు కట్టకముందు ఒకటి అడగండి: అసలు పరీక్ష ఫీజు ఇందులోనే ఉందా, లేక మీ ఇన్‌స్టిట్యూట్ పేరుతో ముద్రించిన కాగితం ఇస్తారా? రెండోదైతే అది మా దగ్గర చెల్లదు. రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ కూడా పెట్టిస్తామంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు అడిగితే ఏం చూపిస్తారు?

ఫోర్-వన్‌లో క్యాంపస్ డ్రైవ్‌లు మొదలయ్యేలోపు పరీక్ష అయిపోయేలా స్లాటు బుక్ చేసుకోండి. ఏడబ్ల్యూఎస్ లాంటివి ఇంట్లోంచి రాయొచ్చు గానీ కరెంటూ నెట్టూ నమ్మలేని ఊళ్లో ఉంటే సెంటర్‌కే వెళ్లండి. బుక్ చేసే ముందు అకౌంట్లో పేరు సరిచూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉండి, మీరు చూపించే ఐడీలో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. అకౌంట్లో పేరు ఐడీలో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వకపోవచ్చు, కట్టిన ఫీజూ పోవచ్చు.