సరుగుడు తోట ఎండుతోందా? కోత ఎలా ప్లాన్ చేసుకోవాలి

సరుగుడు తోటలో నాలుగు చెట్లు ఎండగానే చుట్టుపక్కల వాళ్లు చెప్పే మొదటి మాట "కొట్టించెయ్, లేకపోతే మొత్తం పోతుంది" అని. ఆ మాట వ్యాపారి చెవిన పడగానే ఆయన గట్టు మీదికొచ్చి తోట మొత్తానికి గంపగుత్తగా ఒక రేటు చెప్తాడు, టెన్షన్‌లో ఉన్న రైతు సరేనంటాడు. దయచేసి అంత తొందరపడి బయానా తీసుకోకండి. ఎండు తగిలిన తోటలో కూడా ఏ చెట్టు ముందు, ఏది తర్వాత, ఏది అసలు ముట్టుకోకూడదు అనేదానికి ఒక వరస ఉంది. అది తేల్చుకోవడానికి ఒకట్రెండు రోజులు తోటలో తిరిగితే చాలు.

ముందు ఎందుకు ఎండుతోందో తేల్చుకోండి

మన తీరంలో సరుగుడుని ఎక్కువగా దెబ్బ తీసేది బెరడు బొబ్బల తెగులు. ట్రైకోస్పోరియం వెసిక్యులోసం అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. మొదట చెట్టు పలచబడి పచ్చదనం తగ్గుతుంది, సూదుల్లాంటి ఆకు పసుపు తిరిగి రాలుతుంది, తర్వాత కాండం మీద బెరడు అక్కడక్కడా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద గోరు పెట్టి నొక్కి చూడండి. బెరడు పగిలి కింద నుంచి మెత్తటి నల్లపొడి వేలికి కాటుకలా అంటుకుంటే అదే ఈ తెగులు. ఆ పొడి అంతా శిలీంధ్ర బీజాలే. గాలికి ఎగురుతాయి, పైగా పక్కపక్క చెట్ల వేర్లు ఒకదానికొకటి తగిలేచోట నేల కింద నుంచి కూడా తెగులు పాకుతుంది. అందుకే ఈ చెట్లు తోటంతా చెదురుగా కాకుండా గుంపులు గుంపులుగా పోతుంటాయి.

బొబ్బలేమీ లేకుండా పల్లంలో ఉన్నవే ఎండుతుంటే నీళ్లు నిలిచాయేమో చూడండి. కాండానికి రంధ్రాలు, చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టు కనిపిస్తే కాండం తొలిచే పురుగు. వీటికి తోట కొట్టక్కర్లేదు, మురుగు కాలవ తీయడమో పురుగుని చంపడమో చేస్తే సరిపోతుంది. అనుమానంగా ఉంటే బెరడు ముక్కొకటి కవర్లో వేసుకుని దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.

లెక్క పెట్టండి, రంగు వేయండి

మీటరు ఎడంతో వేస్తే ఎకరానికి 4,000 చెట్ల దాకా ఉంటాయి. అన్నీ లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ప్రతి ఐదో వరసలో ఈ చివర నుంచి ఆ చివరకి నడవండి. పూర్తిగా ఎండినదానికి ఎర్ర రంగు, పసుపు తిరిగినదానికీ బొబ్బలున్నదానికీ పసుపు రంగు, బాగున్నదాన్ని అలాగే వదిలేయండి. ఎండు గుంపు ఎదురైన చోట మాత్రం ఐదో వరస అని ఆగకుండా దాని అంచు దాకా వెళ్లి, ఆ అంచు దాటి ఇంకో రెండు వరసల చెట్లకి కూడా పసుపు వేసేయండి. పైకి పచ్చగా ఉన్నా వాటి వేర్లు జబ్బు చెట్ల వేర్లతో కలిసే ఉంటాయి. తర్వాత చిన్న కాగితం మీద తోట బొమ్మ గీసి ఎండు ఎక్కడ ఉందో, లారీ దారి ఎటో, సముద్రం గాలి ఎటు నుంచి కొడుతుందో గుర్తు పెట్టుకోండి.

మొత్తం కొట్టాలా, కొంతే కొట్టాలా

నా లెక్క ఇది. రంగు పడినవి పదింట ఒకటి లోపే ఉంటే గుంపుల వరకే తీసేసి, ఆ ఖాళీ చుట్టూ వేర్లు తెగేలా రెండడుగుల లోతు కందకం కొట్టి మిగతా తోటని నడిపించవచ్చు. మూడింట ఒకటి దాటిందంటే ఇక ఆగడంలో లాభం లేదు. మధ్యలో ఉంటే చెట్టు వయసు చూడాలి. నాలుగేళ్ల తోట ఎలాగూ కోతకొచ్చినట్టే, కొట్టేయండి. రెండేళ్లదైతే కాగితం మిల్లుకి కావలసిన లావు రాదు, బాదులకి (పందిళ్లకి వాడే పొడుగు కర్రలకి) పొడవు చాలదు, కాబట్టి జబ్బు గుంపులు తీసేసి నెలకోసారి తిరిగి చూసుకుంటూ ఇంకో ఏడాది ఆగడమే నయం.

తీరం గాలికి అడ్డంగా ఫారెస్ట్ వాళ్లు పెంచిన సరుగుడు కట్టలో ఎండు కనిపిస్తే అది మనం ముట్టుకునేది కాదు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంట అలాంటి కట్టలు పెంచారు, వాటి వెనక ఊళ్లున్నాయి. రేంజ్ ఆఫీసులో చెప్పండి. మీ సొంత తోటకైనా కోత, రవాణాకి కాగితాలేమైనా కావాలా అన్నది అక్కడే అడిగేయవచ్చు.

బేరం: గంపగుత్త వద్దు, కాటా లెక్క

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే, కాస్త ఆగి చదవండి. పచ్చి కర్ర బరువులో పెద్ద వాటా నీళ్లదే. మిల్లుకి టన్ను లెక్కన అమ్ముతాం కాబట్టి చెట్టు నిలబడి ఎండిన కొద్దీ కాటా మీద మన డబ్బే తగ్గుతుంది. అందువల్ల పసుపు రంగు చెట్లు ఎండిపోక ముందే కాటాకి వెళ్లాలి. పూర్తిగా ఎండిన ఎర్రవాటికి ఎలాగూ తూకం రాదు, వాటిని ఈ లెక్కలో కలపకుండా వంట చెరుకుగా విడిగా అమ్ముకోండి. కలిపితే వ్యాపారి ఎండువాటిని చూపించి మొత్తం రేటు తగ్గిస్తాడు.

బాగున్న తిన్నటి చెట్లని ముందే బాదులుగా ఏరి పక్కన పెట్టించండి, పందిళ్లకీ సెంట్రింగ్‌కీ వాటికి మిల్లు రేటు కంటే మంచి ధర పలకవచ్చు. మిల్లు కర్రకైతే బేరం కుదిరే ముందే ఈ మూడూ అడగండి: బెరడు తీసి ఇవ్వాలా, ఎంత లావు దాకా తీసుకుంటారు, కోత కూలీ లోడింగూ ఎవరివి. తూకానికి ఇంట్లోవాళ్లు ఒకరు లారీ వెంట వెళ్లడం మంచిది.

ఎప్పుడు, ఎటు నుంచి

వీలైతే వేసవిలో. నేల గట్టిగా ఉంటుంది, లారీ దిగబడదు. కాకపోతే ఎండలకి కర్ర తొందరగా ఎండుతుంది కాబట్టి లారీ ఖాయమైన తర్వాతే చెట్టు పడాలి. కొట్టి కుప్ప వేసి లారీ కోసం చూడటం అంటే బరువు చేజేతులా పోగొట్టుకోవడం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే తుఫానుల రోజుల్లో, తోట మధ్యలో పెద్ద ఖాళీలు చేయకండి. గుంపుగా పెరిగిన సరుగుడు ఒకదాని అండతో ఒకటి నిలబడుతుంది, మధ్యలో ఖాళీ పడితే గాలి లోపలికి దూరి మంచి చెట్లని కూడా పడగొడుతుంది. మొత్తం కొట్టాల్సివచ్చినా సముద్రం వైపు వరసలు చివరికి ఉంచండి.

మంచి చెట్ల కోత, జబ్బు గుంపుల కోత ఒకే రోజు ఉంటే మంచివాటితో మొదలుపెట్టి జబ్బు గుంపుతో ముగించాలి. గొడ్డలి, రంపం తుడిచి శుభ్రం చేశాకే మళ్లీ మంచి తోటలోకి తేవాలి. కూలీలు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, బొబ్బలు పగిలితే ఆ నల్లపొడి మొహం మీదకే లేస్తుంది. ఎండిన చెట్టు కొమ్మలు దెబ్బ తగలగానే విరిగి పడతాయి, కొట్టేవాళ్లు పైకి చూసుకుంటూ ఉండాలి, పిల్లల్ని ఆ ఛాయలకి రానివ్వకండి.

బెరడు, వేర్లు

జబ్బు చెట్టు బెరడు అక్కడే ఒలిచి, గాలి లేని పూట అక్కడే కాల్చేయండి. మోళ్లు కూడా వదలొద్దు. మన దగ్గర ఎక్కువగా వేసే సరుగుడు జామాయిల్‌లా మోడు నుంచి సరిగా చిగురించదు, ఉంచినా ఉపయోగం లేదు, పైగా వేర్లలో తెగులు మిగిలిపోతుంది. తవ్విన వేర్లకి పొయ్యి కట్టెలుగా ఎలాగూ గిరాకీ ఉంటుంది, కానీ జబ్బు గుంపు వేర్లని మాత్రం బెరడుతో పాటే కాల్చండి.

మళ్లీ ఏం వేయాలి

వెంటనే అదే నేలలో సరుగుడు వద్దు. ఒకట్రెండు పంటలు వేరుశెనగో నువ్వులో వేసి, లోపల మిగిలిన వేరు ముక్కలు దున్నినప్పుడల్లా ఏరి బయట పడేయండి. తర్వాత సరుగుడే కావాలనుకుంటే గింజ మొక్కల జోలికి పోకుండా, ఈ తెగులుని తట్టుకునే జుంఘూనియానా జాతి గానీ దాని సంకర క్లోన్లు (గింజ నుంచి కాకుండా మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు) గానీ అడగండి. కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ అలాంటి సంకర క్లోన్లు విడుదల చేసింది. నర్సరీలో కొనేటప్పుడు క్లోన్ పేరు బిల్లు మీద రాయించుకోండి, ఎడం కూడా మీటరు కాకుండా మీటరున్నర పెట్టండి.