గో ఆటలో ఎక్కడ ఆగిపోతున్నారు? కొత్తవాళ్లకు సమస్య - పరిష్కారం

హన్మకొండలో మా ఇంటి వరండాలో ప్రతి ఆదివారం మా అక్క కొడుకుతో, వాడి దోస్తులతో గో అనే బోర్డు ఆట ఆడుతున్నా. ఎవరికి నేర్పినా ఆగిపోయేది దాదాపు అవే చోట్ల. రాయి ఎక్కడ పోయిందో తప్పు అక్కడే జరిగిందనుకుంటారు కానీ అసలు తప్పు ఐదారు ఎత్తుల ముందే జరిగిపోయి ఉంటుంది. అందుకే ముందు మీకు కనిపించే ఇబ్బంది, తర్వాత దాని వెనక ఉన్న కారణం రాస్తున్నా.

ఆట సంగతి క్లుప్తంగా: నల్లరాళ్లవాళ్లు ముందు మొదలుపెడతారు, ఒకరి తర్వాత ఒకరు ఒక్కో రాయి పెడతారు, పెట్టిన రాయిని జరపకూడదు, దాని చుట్టూ దారులన్నీ అవతలివాడి రాళ్లతో మూసుకుపోతే బోర్డు మీద నుంచి తీసేస్తారు, చివరికి ఎవరి జాగా (రాళ్లతో చుట్టుకున్న చోటు) ఎక్కువైతే వాళ్లదే గెలుపు.

సమస్య: బోర్డు లేదు, కొందామంటే ఖరీదు

ఇంట్లో చెస్ బోర్డు ఉంటే చాలు. గోలో రాళ్లు గడుల్లో పెట్టరు, గీతలు కలిసే చోట పెడతారు, మన పులి-మేక లాగే. చెస్ బోర్డుకు ఒక్కో వైపు 8 గడులుంటాయి కాబట్టి అంచులతో కలిపి గీతలు 9 అవుతాయి, అంటే అదే 9×9 గో బోర్డు. చార్టు మీద గీసుకునేవాళ్లు 9 గడులు గీసి 10 గీతలు తెచ్చుకుంటారు, అది చూసుకోండి. రాళ్లకు మ్యాచింగ్ సెంటర్లో నల్లవి 40, తెల్లవి 40 చొక్కా గుండీలు తెచ్చుకోండి.

పెద్ద బోర్డు 19×19, మొత్తం 361 చోట్లు. మొదటిరోజే దాని మీద కూర్చున్నవాళ్లు ఏమీ అర్థం కాక వారంలో మానేస్తారు. ఓ యాభై ఆటలు చిన్న బోర్డు మీద ఆడండి, తర్వాత 13×13, ఆ తర్వాతే పెద్దది.

సమస్య: చూస్తుండగానే రాళ్లు పోతున్నాయి

కారణం ఒకటే, ఊపిరి లెక్కపెట్టకపోవడం. రాయికి ఆనుకుని గీత వెంబడి ఉన్న ఖాళీ చోటును చైనావాళ్లు ‘చి’ అంటారు, ఊపిరి అని అర్థం, నాకు ఇంతకంటే మంచి మాట దొరకలేదు. నడిమధ్య ఒంటరి రాయికి నాలుగు ఊపిర్లు, అంచున మూడు, మూలన రెండే. పక్కపక్కన రెండు రాళ్లు కలిస్తే ఆరు. ఐమూలగా ఉన్న రాళ్లు మాత్రం కలిసినట్టు కాదు, కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

“మామా, గిది సచ్చిపోతదా?” అని మావాడు అడిగితే నేను జవాబు చెప్పను, వేలుపెట్టి ఊపిర్లు లెక్కపెట్టమంటా. ఒక్కటే మిగిలితే దాన్ని ‘అతారి’ అంటారు, అవతలివాడి తర్వాతి ఎత్తుకు ఆ రాయి పోతుంది. రెండు ఉన్నప్పుడే మేల్కోవాలి. ప్రతి ఎత్తుకు ముందు, ఇప్పుడే పెట్టిన రాయి వల్ల మీ రాళ్లలో దేనికి ఊపిరి తగ్గిందో చూసుకోండి. మొదట్లో ఆట నెమ్మదిగా సాగుతుంది, పర్లేదు.

సమస్య: ఒక్క రాయిని కాపాడబోతే పది పోయాయి

దీన్ని నిచ్చెన అంటారు. అతారిలో ఉన్న రాయిని పక్కనే ఇంకో రాయి పెట్టి పొడిగిస్తారు, వాడు మళ్లీ అతారి పెడతాడు, మళ్లీ పొడిగిస్తారు, ఇలా మెట్లు మెట్లుగా బోర్డు అంచు దాకా పోయి అక్కడ ఊపిరాడక మొత్తం వరుసంతా పోతుంది. పరిగెత్తే ముందే ఆ మెట్లదారిని కళ్లతో అంచు దాకా గీసి చూడండి. దారిలో మీ రాయి అడ్డం తగిలితే బయటపడొచ్చు. తగలకపోతే ఆ ఒక్క రాయిని వదిలేసి ఇంకోచోట పెట్టుకోండి. వదిలెయ్యడం పిల్లలకు చాలా కష్టం, మావాడు మొదట్లో ఏడ్చినంత పనిచేసేవాడు.

సమస్య: ఎంత పెట్టినా జాగా రావట్లేదు

కొత్తవాళ్లు సరిగ్గా నడిమధ్యలో గోడ కట్టడం మొదలుపెడతారు. లెక్క చూడండి: తొమ్మిది ఖాళీ చోట్లను (3×3) చుట్టడానికి మూలన ఆరు రాళ్లు చాలు, అంచున తొమ్మిది కావాలి, మధ్యలో పన్నెండు.

లక్నవరం చెరువు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాకతీయులు ఆ చెరువు చుట్టూ గోడ కట్టలేదు, గుట్టలే గోడలుగా ఉన్న చోటు చూసి, గుట్టల మధ్య సందులకు మాత్రం కట్టలు పోశారు, అంతంత చిన్న కట్టలకే అంత నీళ్లు ఆగాయి. గోలో బోర్డు అంచులే మీ గుట్టలు. కాబట్టి ముందు మూలలు, తర్వాత అంచులు, ఆఖరున మధ్య. కానీ మూల అనగానే సరిగ్గా ఆ కొసన పెట్టకండి, అక్కడ ఊపిర్లు రెండే. 9×9 మీద అంచు నుంచి మూడో గీత, పెద్ద బోర్డు మీద మూడు లేదా నాలుగో గీత మంచిది.

సమస్య: జాగా చుట్టుకుని కూర్చున్నా గుంపు మొత్తం చచ్చింది

ఇది అర్థమయ్యాకే నిజంగా గో వచ్చినట్టు. లోపల ఒకే ఖాళీ ఉంటే, బయట అంతా మూసేశాక అవతలివాడు ఆ ఖాళీలో పెట్టి గుంపు మొత్తం తీసేస్తాడు. వేర్వేరుగా రెండు ఖాళీలుంటే ఒకేసారి రెండింట్లో పెట్టలేడు కాబట్టి ఆ గుంపు ఎప్పటికీ చావదు. వీటిని కళ్లు అంటారు.

లోపల వరుసగా మూడు చోట్లే ఉంటే నడిమి చోటే ప్రాణం. మీరు ముందు పెడితే రెండు కళ్లు, వాడు పెడితే గుంపు పోయినట్టే. వరుసగా నాలుగుంటే కంగారు అక్కర్లేదు, మధ్య రెండింటిలో ఒకటి వాడు పెడితే రెండోది మీరు పెట్టండి. కానీ ఆ నాలుగూ చదరంగా (2×2) ఉంటే మీరు ముందు పెట్టినా బతకదు. ఈ మూడు ఆకారాలూ గుండీలతో పేర్చుకుని, రెండు వైపులా మీరే ఆడి చూడండి, చదివితే నిలవదు.

సమస్య: ఆట ఎప్పుడు అయిపోయిందో తెలియట్లేదు

హద్దులన్నీ మూసుకుపోయి, ఇక ఎక్కడ పెట్టినా లాభం లేదనిపిస్తే ‘పాస్’ అనండి, ఇద్దరూ వెంటవెంట పాస్ అంటే ఆట ఐపోయినట్టే. కొత్తవాళ్లు చైనా లెక్క వాడండి: బోర్డు మీదున్న మీ రాళ్లు, అవి చుట్టిన ఖాళీలు కలిపి లెక్కించాలి. 9×9లో మొత్తం 81, 41 వస్తే మీదే. ఈ లెక్కలో మీ సొంత జాగాలో రాయి పెట్టినా నష్టం లేదు కాబట్టి, ఆ గుంపు చచ్చిందా లేదా అని గొడవొస్తే ఆడి తేల్చుకోవచ్చు. నల్లకు ముందు పెట్టే లాభం ఉంటుంది కనుక తెల్లకు కొన్ని పాయింట్లు కలుపుతారు, దాన్ని కోమి అంటారు, మొదట్లో దాని గురించి ఆలోచించకండి.

సమస్య: యాప్‌లో కంప్యూటర్ మీద ఒక్కసారీ గెలవట్లేదు

2016 మార్చిలో ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ దక్షిణ కొరియా గో ఛాంపియన్ లీ సెడోల్ అంతటి ఆటగాడిని 4-1తో ఓడించింది. అందుకని మీ ఓటమికి టెన్షన్ పడొద్దు, లెవెల్ బాగా తగ్గించండి, లేదా హ్యాండిక్యాప్ పెట్టుకుని ముందే మూడు నాలుగు నల్లరాళ్లు బోర్డు మీద పెట్టించుకోండి. మొదటి వంద ఆటలు తొందరగా ఓడిపోమని గో ఆడేవాళ్లలో ఓ మాట ఉంది, నిజంగానే చెప్తారది.

సమస్య: ఆడేందుకు మనుషుల్లేరు

ఆన్‌లైన్ గో సర్వర్‌లో ఉచితంగా ఖాతా తెరిచి 9×9 ఎంచుకోండి. కానీ ఎదురుగా మనిషి కూర్చుంటే నేర్చుకునేది వేరు. ఇంట్లోవాళ్లకు మొత్తం రూల్స్ ఒకేసారి చెప్పొద్దు. ‘ముందు ఎవరు ఒక్క రాయి పట్టుకుంటే వాళ్లే గెలిచినట్టు’ అని మొదలుపెట్టండి, రెండు నిమిషాల్లో అర్థమవుతుంది, ఊపిర్ల లెక్క వాళ్లంతట వాళ్లకే వస్తుంది. మా అక్క అలాగే కూర్చుంది. నాలుగో ఆదివారం తల్లీకొడుకులిద్దరూ ఎంత జాగ్రత్తగా పెట్టారంటే ఎవరి రాయీ దొరక్క బోర్డు నిండిపోతోంది, “ఇప్పుడెట్లరా?” అంది. జాగా లెక్క అప్పుడు చెప్పా.