పాయింట్ 32 తుపాకీకి తూటాలు ఎట్లా చూసి తీసుకోవాలి?

మా అనంతపురం పక్క లైసెన్సు తుపాకీ ఉండే ఇండ్లు కొత్తేం కాదు, తుపాకీ కొనేటప్పుడు పది మందిని అడిగేవాళ్లు కూడా తూటాల దగ్గరికొచ్చేసరికి షాపాయన ఏదిస్తే అది సంచిలో వేసుకొని వచ్చేస్తారు. నేనూ అట్లా చేసినోణ్ణే. లైసెన్సు లేనోళ్లకి, నాటు తుపాకీ వాళ్లకి ఈ రాత కాదప్పా.

ముందు లైసెన్సు బుక్కు, తుపాకీ పక్కపక్కన పెట్టుకోండి. మన దేశంలో 9 ఎంఎం మామూలు జనానికి ఇవ్వరు కాబట్టి ఎక్కువ కనిపించేది పాయింట్ 32, అంటే గుండు అడ్డకొలత ఇంచుమించు 0.32 అంగుళం. తిరకాసంతా ఇక్కడే, పాయింట్ 32 అంటే ఒకటి కాదు, రెండు. రివాల్వర్‌ది పొడుగు, కేసు (మందు నింపే ఇత్తడి గొట్టం) 23 మిల్లీమీటర్లు, పిస్టల్‌ది పొట్టి, 17. మా మామ రివాల్వర్ పెట్టుకొని పిస్టల్ రౌండ్లు పట్టుకొచ్చినాడు, డబ్బా మీద 32 అని చూసినాడంతే. రెండిటినీ బల్ల మీద నిలబెట్టి చూడండి, రివాల్వర్ తూటాకి అడుగున అంచు చుట్టూ బయటికొచ్చి మేకు తల మాదిరి ఉంటుంది, పిస్టల్‌దానికి అంచు వచ్చీరానట్టుండి దానిపైన ఒక గాడి ఉంటుంది. కొన్ని రివాల్వర్లలో ఈ పొట్టిది దూరుతుంది కూడా, దూరింది కదా అని కాల్చొద్దు, దాని ప్రెషర్ ఎక్కువ.

ఇంక గుండు మూతి సంగతి. గుండ్రం మూతికి రాగి తొడుగున్నదా, మూతిలో గుంట ఉండి తగిలినాక విచ్చుకునే బోలు మూతిదా అని వాదనలు పెట్టుకుంటారు. పెద్ద సైజు గుండుకి బోలు మూతి మంచిదే, కానీ 32 పిస్టల్ గుండు బరువే 4.6 గ్రాములు, స్పీడూ తక్కువ, బోలు మూతి విచ్చుకుంటే లోతుకి పోదు, ఒక్కోసారి విచ్చుకోనే విచ్చుకోదు. పైగా బోలు మూతి తూటా పొడుగు కొంచెం తక్కువ, మ్యాగజైన్‌లో (పిస్టల్‌లో తూటాలు పేర్చే పెట్టె) ఊగి ఒకదాని అంచు ఇంకోదానికి తగులుకొని జామ్ అవుతుంది. నా ఓటు గుండ్రం మూతికే.

కొనేటప్పుడు డబ్బా తెరిచి ఒక్కో రౌండూ చూడండి, మొహమాటం వద్దు. సొట్ట, పచ్చ చిలుము, వదులుగా తిరిగే గుండు ఉంటే పక్కన పెట్టేయండి. అన్నీ ఒకే లాట్‌వి, అంటే ఫ్యాక్టరీలో ఒకే విడతలో తయారైనవి అడగండి, లెక్క బుక్కులో రాయించుకోండి.

తర్వాత పర్మిషన్ ఉన్న రేంజ్‌లో రెండు మ్యాగజైన్లన్నా కాల్చి చూడాలి, మీ పిస్టల్‌కి ఏది పడుతుందో డబ్బా చెప్పదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే తుపాకీ మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, వెంటనే తిప్పి చూసుకునే పని మాత్రం పెట్టుకోవద్దు.

ఇంట్లో తుపాకీ వేరే, తూటాలు వేరే తాళంలో, పిల్లలకి అందకుండా. మన ఎండలకి కారు డ్యాష్‌బోర్డులో వదిలేయొద్దు. తుపాకీకి పూసే నూనె తూటాలకి తగలనీయొద్దు, ప్రైమర్‌లోకి (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్ల) దిగితే పేలకపోవచ్చు. ఇంకోటి, పిస్టల్‌లో రోజూ లోడ్ చేసి తీసి, మళ్లీ అదే తూటా ఎక్కిస్తుంటే గుండు మెల్లగా కేసులోకి దిగబడుతుంది. కొత్తదాని పక్కన పెట్టి ఎత్తు చూడండి, పొట్టిగా కనిపిస్తే కాల్చకుండా డీలర్‌కి అప్పజెప్పండి. ఎలక్షన్లప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తుపాకీ తిరిగొచ్చినాక ఇదంతా మళ్లీ మొదటినుంచి చూసుకోవాల్సిందే.